మారీచుడు ఎందుకు ఒప్పుకున్నాడు? విలన్ సీను రాసేవారికి నా జవాబు

మీ ప్రశ్న క్లుప్తంగా మళ్లీ చెప్తాను. గుంటూరు వైపు ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ. రైతులు దాచుకున్న టిక్కీల్లో (మిర్చి బస్తాల్లో) కొన్ని వేల టిక్కీలను యజమాని దొంగచాటుగా అమ్మేసుకున్నాడు. సరుకు లేదని బయటపడేలోగా స్టోరేజీకి నిప్పు పెట్టించి, షార్ట్ సర్క్యూట్ అని చెప్పాలని అతని ఎత్తు. దానికి ముప్పై ఏళ్లుగా అక్కడే పనిచేస్తున్న గుమాస్తా సాయం కావాలి. గుమాస్తా భయస్తుడు, మంచివాడు. రెండో రంగంలో యజమాని అతన్ని ఒప్పిస్తాడు. నాటిక చదివి వినిపిస్తే మీ నాటక సమాజం వాళ్లు, "గుమాస్తా ఎందుకు ఒప్పుకున్నాడో మాకు తెలియలేదు" అన్నారు. యజమాని మాటలకు ఇంకా పదును పెట్టాలా అని అడిగారు.

వద్దు. ఉన్న పదును కూడా తీసేయండి.

నేను నలభై ఏళ్లుగా పరిషత్తు నాటికలు రాస్తూ, ఆడిస్తూ ఉన్నాను. ఇలాంటి సీను నాకు ఆరేడు సార్లు రాయాల్సి వచ్చింది. మొదటి మూడు సార్లూ పాడుచేశాను. మీలాగే నేనూ, ఒప్పించడమంటే వాదనలో గెలవడం అనుకున్నాను. విలన్‌కి పేజీన్నర డైలాగు ఇచ్చాను. నటుడు బాగా చెప్పాడు, చప్పట్లు కూడా పడ్డాయి. కానీ ఆ డైలాగు అయిపోయాక అవతలివాడు "సరే" అన్న క్షణంలో నాటిక చచ్చిపోయేది. ఎందుకో తెలియలేదు. ఆ తర్వాత ఒక వేసవిలో వాల్మీకి అరణ్యకాండ ప్రతిపదార్థంతో సహా కూర్చుని చదివాను. రావణుడు మారీచుడి దగ్గరికి వెళ్లిన ఘట్టం చదువుతుంటే నా తప్పు ఎక్కడుందో కనపడింది.

మనకు మాయలేడి కథ తెలుసు కాబట్టి ఆ ముందు జరిగిన మాటల్ని దాటేస్తాం. లేడి రావడం, సీత అడగడం, రాముడు వెళ్లడం దగ్గరే కథ మొదలవుతుందన్నట్టు చెప్పుకుంటాం. వాల్మీకి అలా దాటలేదు. ఒక్క మారీచుణ్ణి కదిలించడానికి 36వ సర్గ (అధ్యాయం) నుంచి 41 దాకా ఆరు సర్గలు ఖర్చుపెట్టాడు. అందులో రావణుడి మాటలు రెండు సర్గలే. మిగిలిన నాలుగూ మారీచుడివి. మీ స్క్రిప్టులో ఈ లెక్క తిరగబడి ఉంది. గుమాస్తా నోట నాలుగే వాక్యాలు ఉన్నాయి, అవి కూడా "అమ్మో", "వద్దు బాబూ" లాంటివి. ముందు సరిచేయాల్సింది అదే. ఇలాంటి సీనులో బరువంతా వద్దనేవాడిది. వాడి దగ్గర ఎంత బలమైన కారణాలు ఉంటే, చివరికి వాడు కదిలినప్పుడు మన కడుపులో అంత తిప్పుతుంది.

మారీచుడి దగ్గర ఎలాంటి కారణాలున్నాయో చూడండి. విశ్వామిత్రుడి యాగం పాడుచేయబోతే రాముడి మానవాస్త్రం తగిలి నూరు యోజనాల అవతల సముద్రంలో పడ్డవాడు. ఆ తర్వాత దండకలో మరో ఇద్దరితో కలిసి మృగరూపంలో రాముడి మీదికి వెళ్లాడు. రాముడు మూడు బాణాలు వేస్తే ఆ ఇద్దరూ చచ్చారు, ఇతను తప్పించుకున్నాడు. అప్పటినుంచి జడలు కట్టి, కృష్ణాజినం (నల్లజింక చర్మం) కప్పుకుని ఆశ్రమంలో బతుకుతున్నాడు. అతని భయం ఎంతదంటే, చెట్టు చెట్టుకీ నారచీరలు కట్టి విల్లు పట్టిన రాముడు కనిపిస్తాడట. 'ర'కారంతో మొదలయ్యే మాట వింటే చాలు, రత్నాలన్నా రథాలన్నా ఒళ్లు వణుకుతుందట. ఈ మాటలు మారీచుడే రావణుడితో చెప్పుకుంటాడు. "రామో విగ్రహవాన్ ధర్మః" (రాముడంటే రూపం కట్టిన ధర్మం) అని మనం గుళ్ల గోడల మీద రాసుకునే వాక్యం కూడా ఈ మారీచుడిదే. ఒక రాక్షసుడు, తనను రెండుసార్లు చావు అంచు దాకా తీసుకెళ్లినవాడి గురించి, తన రాజుకు ఎదురుగా నిలబడి అన్న మాట అది. నాకు మొదటిసారి ఈ సంగతి తట్టినప్పుడు పుస్తకం మూసేసి చాలాసేపు అలా కూర్చుండిపోయాను.

ఇప్పుడు రావణుడి వైపు రండి. అతను వచ్చే తీరే చాలా చెబుతుంది. మంత్రుల్ని పంపేసి, ఎవరికీ తెలియకుండా రథశాలకు వెళ్లి, ఒంటరిగా బయల్దేరతాడు. సభలో కూర్చుని మారీచుణ్ణి పిలిపించుకోలేదు, తనే వాడి గుమ్మానికి వెళ్లాడు. మన వాడుక ప్రతుల ప్రకారం ఇది రెండోసారి వెళ్లడం. అకంపనుడనే రాక్షసుడి మాట విని మొదట ఒకసారి వెళితే, మారీచుడు వద్దంటే, సరేనని లంకకు తిరిగి వచ్చేశాడు. అంటే వద్దనడం ఒకసారి పనిచేసింది కూడా! మధ్యలో శూర్పణఖ వచ్చి సభలో దెప్పిపొడిచింది, సీత అందం వర్ణించింది. రెండోసారి వచ్చేసరికి రావణుడిలో వెనక్కి వెళ్లే గుణం లేదు. మీ యజమానిని కూడా ఇలా ఎవరో తరిమి ఉండాలి. ఏ బ్యాంకువాడో, ఏ అల్లుడో. ఊరికే చెడ్డవాడు కాబట్టి చెడ్డపని చేస్తున్నట్టు ఉంటే ఆ సీను నడవదు.

రావణుడు వచ్చి అన్న మొదటి మాట ఏమిటి? బెదిరింపు కాదు, ఆశ పెట్టడం కూడా కాదు. "తాతా, నా మాట విను. ఆర్తుణ్ణి. ఇలాంటి ఆర్తిలో నాకు నువ్వే పరమగతి" అంటాడు. 'తాత' అంటే ఇక్కడ మన తాతయ్య కాదు, నాయనా అన్నట్టు ఆప్యాయంగా పిలిచే పిలుపు. మూడు లోకాల్నీ ఏడిపించినవాడు అడవిలో జడలు కట్టుకున్న ముసలి రాక్షసుడి ముందు నేను కష్టంలో ఉన్నానని వంగాడు. తర్వాత అబద్ధం కలుపుతాడు: ఆ రాముడు శీలం లేనివాడు, తండ్రి కోపంతో వెళ్లగొట్టాడు, ఏ పగా లేకుండానే నా చెల్లెలి ముక్కు చెవులు కోశాడు అని. ఆ పైన పొగడ్త: బలంలో, యుద్ధంలో, మాయలో నీ అంతటివాడు లేడు అని.

ఇంతా విన్న మారీచుడు ఏం చేశాడో వాల్మీకి రెండు శ్లోకాల్లో చెప్పాడు. నోరు ఎండిపోయింది. ఎండిన పెదవులు నాలుకతో తడుపుకుంటూ, రెప్ప వేయకుండా, చచ్చినవాడిలా రావణుణ్ణి చూశాడు. రెప్ప వేయలేదన్న మాట ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా నటుడికి ఇచ్చిన సూచనలా ఉంది. మీ గుమాస్తా పాత్రధారికి ఇది చెప్పండి. ఏడవద్దని చెప్పండి. మా రిహార్సల్స్‌లో ప్రతిసారీ ఇక్కడ నటుడు ఏడుపు ఎత్తుకుంటాడు, ఏడిస్తే భయం కరిగిపోతుంది. నోరు ఎండనివ్వాలి.

మీరు ప్రత్యేకంగా గమనించాల్సింది ఆ తర్వాతి మూడు సర్గలు. వాదనలో మారీచుడు పూర్తిగా గెలుస్తాడు. "సులభాః పురుషా రాజన్ సతతం ప్రియవాదినః" అని మొదలుపెట్టి, ఇంపుగా మాట్లాడేవాళ్లు ఎప్పుడూ దొరుకుతారు, చేదుగా ఉన్నా మేలు చేసే మాట చెప్పేవాడూ దొరకడు, వినేవాడూ దొరకడు అంటాడు. గూఢచారుల్ని సరిగా పెట్టుకోలేదు నువ్వు, రాముడెవరో నీకు తెలియదు అంటాడు. తన అనుభవం చెప్తాడు. లంక కాలిపోతుంది, నీ వాళ్లంతా పోతారు అంటాడు. ఒక్కదానికీ రావణుడి దగ్గర జవాబు లేదు. చావదలచినవాడు మందు పుచ్చుకోనట్టు ఆ మాటల్ని పుచ్చుకోలేదని వాల్మీకి అంటాడు. రావణుడు ఇచ్చిన సమాధానం ఇంతే: "గుణదోషౌ న పృచ్ఛామి". ఇందులో మంచేదో చెడేదో నేను నిన్ను అడగలేదు.

మీ సీనుకు ఇరుసు ఈ వాక్యం. యజమాని వాదించడం మానేసే క్షణం ఒకటి రావాలి. అప్పటిదాకా "బాబాయ్" అన్నవాడు, ఆ క్షణంలో యజమాని అవుతాడు. రావణుడు కూడా అంతే. ఆర్తుణ్ణి అన్న నోటితోనే, మంత్రి అనేవాడు అడిగినప్పుడే మాట్లాడాలి, అదీ చేతులు జోడించి మాట్లాడాలి అని పద్ధతులు చెప్తాడు. ఆ వెంటనే పని వివరాలు: వెండి చుక్కల బంగారు లేడివి అవు, సీత ముందు తిరుగు, రాముణ్ణి దూరం లాక్కుపో, "హా సీతా, హా లక్ష్మణా" అని కేక పెట్టు. అర్ధరాజ్యం ఇస్తానన్న మాట ఈ మధ్యలో ఎక్కడో వస్తుంది. చాలామంది రచయితలు డబ్బు ఆశ దగ్గరే సీనంతా నిలబెడతారు. వాల్మీకి దానికి అర శ్లోకం ఇచ్చి వదిలేశాడు, మారీచుడు ఆ మాటకు జవాబే చెప్పడు. జడలు కట్టినవాడికి రాజ్యం ఎందుకు? మీ గుమాస్తాకు యజమాని పాతిక లక్షలు ఇస్తానంటాడు కదా, ఉంచండి. కానీ గుమాస్తా ఆ అంకె విననట్టే ఉండాలి.

ఆఖరున వచ్చే మాట ఇది: రాముడి దగ్గరికి వెళితే నీ ప్రాణం అనుమానం, నన్ను కాదంటే ఇవాళే నీ చావు ఖాయం. "జీవితసంశయస్తే", "మృత్యుర్ధ్రువః". అటు సంశయం, ఇటు ధ్రువం. రెండు పదాల లెక్క. రావణుడు మారీచుడి మనసు మార్చలేదు, ఆ ప్రయత్నం వదిలేశాడు. ఒక్కొక్క తలుపే మూసుకుంటూ వచ్చి ఒక్కటి తెరిచి ఉంచాడు. మారీచుడు నమ్మి వెళ్లలేదు, మిగిలిన తలుపులోంచి వెళ్లాడు.

మీ నాటికలో ఈ లెక్క వేయడానికి సరుకు మీరే ఇచ్చారు, వాడుకోలేదు. మొదటి రంగంలో గుమాస్తా బాండ్ల (దాచిన సరుకుకు రైతులకిచ్చే రసీదుల) కట్ట మీద సంతకాలు పెడుతూ కనిపిస్తాడు. ఆ బాండ్లు బ్యాంకులో కుదువపెట్టి రైతులు అప్పు తెచ్చుకున్నారు. సరుకు బయటికి వెళ్లిన గేటు పాసుల మీద కూడా యజమాని మాట నమ్మి అతనే సంతకం పెట్టి ఉంటాడు. అలాంటప్పుడు యజమాని కత్తి చూపించక్కర్లేదు. ఇలా ఉంటే చాలు:

"సోమవారం బ్యాంకువాళ్లు వచ్చి టిక్కీలు లెక్కపెడతారు బాబాయ్."

"లెక్కపెట్టనివ్వండి బాబూ. నాన్నగారి టైములో కూడా లెక్కపెట్టారు."

"గేటు పాసులు అడుగుతారు."

"..."

"వాటి మీద నా సంతకం లేదు."

ఇంతకంటే ఒక్క మాట ఎక్కువ రాయకండి. నిప్పు పెడితే దొరుకుతామేమో, పెట్టకపోతే సోమవారం దొరకడం ఖాయం అన్న లెక్క ప్రేక్షకుడు తనంతట తనే వేసుకుంటాడు. గుమాస్తా కూడా.

ఇది నాకు పుస్తకంలోంచే తెలిసింది కాదు. చిన్న వయసులో ఒక ఆఫీసులో పనిచేసేవాణ్ణి. పని చేయని మనుషుల పేర్లతో ఉన్న మస్టర్ రోలు (హాజరు పట్టీ) ఒకటి నా పైఅధికారి నా ముందు పెట్టారు. అప్పటిదాకా ఇంటిపేరుతో పిలిచే మనిషి ఆ రోజు "తమ్ముడూ" అన్నారు. నేను కుదరదన్నాను. ఆయన ఒక్క మాటా అనలేదు. కిందటి నెల రోలు కూడా తీసి పక్కన పెట్టి, టీ చెప్పొస్తానని బయటికి వెళ్లారు. కిందటి నెల దాని మీద నేను చూడకుండా పెట్టిన సంతకం ఉంది. ఆయన తిరిగి వచ్చేలోపు నేను సంతకం పెట్టేశాను. ఆ తప్పు నాదే, దానికి తర్వాత చాలా ఏళ్లు బాధపడ్డాను. కానీ ఆ గదిలో నన్ను ఒప్పించినవాళ్లు ఎవరూ లేరు. కాగితాలు రెండూ, నేనూ, అంతే. మీ యజమానిని కూడా సీను మధ్యలో ఒకసారి బయటికి పంపి చూడండి. గుమాస్తాను ఒంటరిగా ఆ పాసులతో వదిలేయండి. రంగస్థలం మీద ఆ అర నిమిషం నిశ్శబ్దం ఏ డైలాగూ చేయలేని పని చేస్తుంది.

అన్ని చోట్లా తలుపులు మూయడమే పద్ధతి అని నేను అనడం లేదు. మంథర చేసింది వేరు. రాముడి పట్టాభిషేకం అని వినగానే కైకేయి సంతోషించి నగ తీసి ఇచ్చింది, మంథర దాన్ని విసిరికొట్టింది. అయినా కైకేయి, నాకు భరతుడెంతో రాముడూ అంతే, అంతకంటే ఎక్కువే అంటుంది. అలాంటి మనసును మంథర నిజంగానే తిప్పింది. ఆమె పట్టుకున్న పోగు, భర్త ప్రేమ ఉందన్న గర్వంతో నువ్వు కౌసల్యను చిన్నచూపు చూశావు, ఆమె పగ తీర్చుకోదా అన్నది. కైకేయి లోపల ఎక్కడో ఉన్న తప్పు భయం అది. ఆ మాటతో కైకేయి మారిపోయింది, ఇక ఎవరూ తోయక్కర్లేదు. మీ గుమాస్తా కైకేయి కాడు, అతని లోపల అలాంటి కోరిక ఏదీ మీరు నాటలేదు. కాబట్టి ఆ దారి మీకు లేదు.

మూడో రకం కూడా ఒకటి ఉంది, భారతంలో, సౌప్తికపర్వంలో. పాండవ శిబిరంలో నిద్రపోతున్నవాళ్లను చంపుదామని అశ్వత్థామ అంటే కృపాచార్యుడు వద్దంటాడు. ధృతరాష్ట్రుణ్ణి, గాంధారిని, విదురుణ్ణి అడుగుదాం అంటాడు. ఈ రాత్రికి పడుకో, రేపు పొద్దున కృతవర్మతో సహా ముగ్గురం కలిసి యుద్ధం చేద్దాం అంటాడు. దుఃఖంలో ఉన్నవాడికి నిద్ర ఎక్కడిది అని అశ్వత్థామ జవాబు. మాట తెగదు. చివరికి అతను వాళ్ల ఒప్పుకోలు కోసం ఆగకుండా తన రథానికి గుర్రాలు కట్టుకుంటాడు. అప్పుడు కృపుడు, కృతవర్మ, మేము నీతోనే, నీ సుఖదుఃఖాలే మావి అని వెనకాలే వెళతారు. ఆ రాత్రి శిబిరం ద్వారం దగ్గర నిలబడి, పారిపోయే సైనికుల్ని చంపింది వాళ్లిద్దరే. మూడు చోట్ల నిప్పు పెట్టింది కూడా వాళ్లే. అంతకుముందే ధర్మం చెప్పిన కృపుడే! మీ గుమాస్తాకు యజమాని అంటే పసితనంనుంచీ ఎత్తుకు తిరిగిన ప్రేమ ఉన్నట్టు రాసుకుంటే, ఈ పద్ధతి కొంచెం కలపవచ్చు. యజమాని అగ్గిపెట్టె జేబులో పెట్టుకుని "నేనే వెళ్తాలే" అని లేవడం చాలు.

ఇక ఒప్పుకునే క్షణం. మారీచుడు లొంగేముందు ఇంకో సర్గ నిండా తిడతాడు. నీకు ఈ పాపపు బుద్ధి నేర్పింది ఎవరు, నిన్ను ఆపని నీ మంత్రుల్ని చంపాలి అంటాడు. రాముణ్ణి చూసిన క్షణంలోనే నేను చచ్చాననుకో, సీతను తెచ్చిన రోజున నువ్వూ నీ వాళ్లూ చచ్చారనుకో అంటాడు. శత్రువు చేతిలో చస్తే ధన్యుణ్ణే అంటాడు. నాకు ఇక్కడ గొంతు పట్టేస్తుంది. బతకడం ఎలాగూ లేదు, ఎవరి చేతిలో చావాలన్న ఒక్క ఎంపిక మిగిలింది, అది మాత్రం వదులుకోలేదు. అలా తిట్టి తిట్టి, దీనంగా ఒక్క మాట అంటాడు: "గచ్ఛావ". సంస్కృతంలో అది ద్వివచనం. "మనిద్దరం వెళదాం." ఒప్పుకున్నాననీ లేదు, సరేననీ లేదు. మీ గుమాస్తా చేత కూడా "సరే" అనిపించకండి. "పదండి" అనిపించండి.

దానికి రావణుడు ఏం చేశాడు? సంతోషంతో గట్టిగా కౌగిలించుకున్నాడు. "ఇదానీమసి మారీచః". ఇప్పుడు నువ్వు మారీచుడివి, ఇందాకటిదాకా ఎవరో రాక్షసుడివి అన్నాడు. ఐదు నిమిషాల క్రితం చంపుతానన్నవాడు! ఈ కౌగిలి బెదిరింపు కంటే ఎక్కువ భయపెడుతుంది. నాకు తెలిసిన చాలామంది దర్శకులు "పదండి" దగ్గర లైట్లు తీసేస్తారు. తీయకండి. యజమాని చేత గుమాస్తా భుజం మీద చెయ్యి వేయించండి. "ఇదీ మా బాబాయ్ అంటే" అనిపించండి. గుమాస్తా ముఖం ప్రేక్షకులకు కనపడేలా నిలబెట్టండి.

ఒక్క సంగతి మిగిలింది. చాలా ఏళ్లు నాకు అంతుచిక్కనిది. మారీచుడికి ఇష్టం లేదు కదా, బాణం తగిలాక ఊరికే చచ్చిపోవచ్చు. ఇంకా అతన్ని రావణుడు ఏం చేయగలడు? కానీ చస్తూ కూడా రావణుడి మాట గుర్తు చేసుకుని, సీత లక్ష్మణుణ్ణి ఎలా పంపిస్తుందా అని ఆలోచించి, రాముడి గొంతుతో "హా సీతా, హా లక్ష్మణా" అని అరుస్తాడు. పని పూర్తిచేసి పోతాడు. ఇష్టం లేకుండా దిగినవాడు పని కూడా ఇష్టం లేనట్టే చేస్తాడని మనం అనుకుంటాం. అలా జరగదు. నా మస్టర్ రోలు సంగతే చూడండి, సంతకం పెట్టేశాక తేదీ తప్పుందని గమనించి దిద్దింది కూడా నేనే. అది ఎవరూ అడగలేదు.

అందుకే మీ రంగం చివర, యజమాని చెయ్యి తీసేసి తలుపు వైపు నడుస్తుండగా, గుమాస్తా నోట ఈ మాట పెట్టండి: "అటు మూల వద్దు బాబూ, అక్కడ హమాలీ కుర్రాడు పడుకుంటాడు. ఇటు ప్యానెల్ బోర్డు దగ్గర." అప్పుడు లైట్లు తీయండి.